బొగ్గు దగ్గు

ముత్తుకూరులో దగ్గును ఎవరూ లెక్కచేయరు. ఒకపక్క పోర్టు బొగ్గు, ఇంకోపక్క కరెంటు ప్లాంటు బూడిద. గొంతు గరగరలాడితే బొగ్గు దగ్గులే అనుకుని ఇంత మిరియాల కషాయం తాగి పనిలో పడతాం. బొగ్గు యార్డులో లోడింగ్ చూసే మా ఆయనకైతే అది ఉద్యోగంతో పాటు వచ్చిన దగ్గు.

పురిటికి వచ్చిన మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టినప్పుడు ఆ దగ్గు ఎప్పటికంటే ఎక్కువగా ఉంది. తెరలు తెరలుగా వచ్చి ఒక్కోసారి తిన్నది కూడా కక్కించేది. "ఈ ఎండలకు యార్డులో దుమ్ము ఎక్కువైపోయింది" అని ఆయనే కారణం చెప్పేశారు. ఆ దుమ్ము బిడ్డకు తగులుతుందని ఆయనకు మహా భయం. ఇంటికి రాగానే నేరుగా కొళాయి దగ్గరికి పోయి, తలమీదుగా స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని గానీ మనవరాలిని ఎత్తుకునేవారు కాదు. ఎత్తుకుంటే మాత్రం చెంపకు చెంప ఆనించి వదిలేవారు కాదు. నేను తక్కువ తిన్నానా! ప్రార్థనకు వచ్చిన సంఘం ఆడవాళ్ళను కూడా వసారాలోనే కూర్చోబెట్టి పంపాను.

ఒక ఉదయం పాలు తాగుతూ తాగుతూ బిడ్డ ఆగిపోయింది. దగ్గలేదు, ఏడవలేదు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. అమ్మాయి కేక పెట్టి అరికాళ్ళు తట్టాక ఊపిరి తీసింది. నెల్లూరు పోయే దారిలో ఆటోలో మళ్ళీ అంతే.

ఆసుపత్రిలో బిడ్డకు ఆక్సిజన్ పెట్టించి, డాక్టరమ్మ అడిగింది. "ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా?"

"లేదు మేడం" అన్నాం తల్లీకూతుళ్ళం ఒకేసారి. అబద్ధం కాదు. మాకు నిజంగా తట్టలేదు.

అప్పుడే తలుపు బయట మా ఆయనకు దగ్గు తెర వచ్చింది. డాక్టరమ్మ రాయడం ఆపి చివరిదాకా వింది.

"ఆయనెవరు?"

"మా ఆయన. అది బొగ్గు దగ్గు మేడం, మా పక్క అందరికీ ఉండేదే."

బిడ్డ ముక్కులోంచీ ఆయన ముక్కులోంచీ చీమిడి తీసి పరీక్షకు పంపారు. ఇద్దరిదీ కోరింత దగ్గే.

ప్రతిదానికీ ఎందుకు, ఎలా అని అడగడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. బిడ్డ దగ్గనే లేదు కదా అన్నాను. ఇంత పసివాళ్ళకు దగ్గే బలం ఉండదట, ఊపిరే ఆగుతుందట. చిన్నప్పటి టీకా బలం పెద్దయ్యాక తగ్గుతుందట. పెద్దవాళ్ళు మామూలు దగ్గే అనుకుని తిరుగుతూ ఇంట్లోవాళ్ళకు అంటిస్తారట. మా బిడ్డకు నెలన్నర టీకా ఇంకా పడలేదు. దగ్గు లేకపోయినా మా అందరికీ మందు రాసింది డాక్టరమ్మ.

మరి ఆయనకు ఎవరు అంటించారు? లారీ డ్రైవరా, పక్కన కూర్చుని టీ తాగినవాడా? వరండాలో కూర్చుని అమ్మాయితో ఆరా తీస్తున్నాను.

"చాల్లేమ్మా. నాయన వింటా ఉండాడు" అంది.

మెట్ల దగ్గర, మాకు దూరంగా నిలబడి ఉన్నారాయన. నాకు చచ్చేంత సిగ్గేసింది.

బిడ్డ గండం గడిచి ఇంటికొచ్చింది. ఆయన మందు పూర్తయింది, ఇక ఎత్తుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. అయినా ఆయన గడప దాటి లోపలికి రాలేదు. "రెండు దినాలు పోనీలే" అంటూ వసారాలోనే తిని, అక్కడే పడుకునేవారు.

చివరికి అమ్మాయే వెళ్ళి బిడ్డను ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన కదల్లేదు. మొహం పక్కకు తిప్పుకున్నారు. మెడనరాలు ఉబ్బుతున్నాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు, అమ్మాయికి అర్థమైంది.

"ఊపిరి తీసుకో నాయనా" అంది.