కుడికి లాగే జీపూ, దయామణి అక్కయ్యా

దయామణి అక్కయ్య పోయిందని వాళ్లాయన ప్రకాశం బావగారు ఫోను చేసినప్పుడు నేను బాపట్ల బస్టాండులో టీ తాగుతున్నాను. "తమ్ముడూ, అక్క పోయింది. జీపు దగ్గరే" అన్నారు, అంతే. గ్లాసు బల్ల మీద పెట్టి తెనాలి వెళ్లాను. ఆమెకు డెబ్బై రెండేళ్లు. గుండె జబ్బు ఉంది, మాత్రలు వాడుతోంది. ఇవన్నీ తెలిసినా నమ్మబుద్ధి కాలేదు. అంతకు ముందు ఆదివారమే దేవుడున్నాడని నాతో గంటసేపు ఫోనులో వాదించి, నేను గెలిచే సమయానికి "కార్బురేటర్ విప్పి పెట్టాను తమ్ముడూ, నీ నాస్తికత్వం వచ్చే వారం చూద్దాం" అని పెట్టేసిన మనిషి.

నేను ఆ ఇంటికి చేరేసరికి వీధిలో కథ తయారైపోయింది. జీపు చివరికి ఆమెను తీసుకుపోయిందట. ఇన్నాళ్లూ కాచుకుని ఉందట. ఈ వ్యాసం ఆమెను పొగడడానికి ఎంతో, ఆ కథ పీక నొక్కడానికీ అంతే.

ఆ జీపు సంగతి తెలియని వాళ్ల కోసం మొదటినుంచీ చెబుతాను. అక్కయ్య ఉద్యోగరీత్యా నర్సు. రేపల్లె దాటి కృష్ణ ఒడ్డున ఉండే లంక గ్రామాల్లో చాలా ఏళ్లు తిరిగింది. అక్కడ ఒక రైతు ఇంట్లో జ్వరం చూడడానికి వెళ్తే, పెరట్లో టార్పాలిన్ కప్పిన జీపు కనిపించిందట. బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు, అద్దానికి నల్లతాడు, పైన ఎండిపోయిన బూడిద గుమ్మడికాయ. ఇదేంటని అడిగితే, అది శ్మశానం బండి అన్నారు. కాలవకట్ట మీంచి ఊళ్లోకి దిగేచోట కుడిపక్కన శ్మశానం ఉంది. ముగ్గురు యజమానుల చేతిలోనూ ఆ జీపు సరిగ్గా అక్కడే తనంతట తాను కుడికి తిరిగి, సమాధుల మధ్యకు పోయి ఆగింది. ఒకాయనకు కాలు విరిగింది. పూజ చేయించిన ప్రతిసారీ నాలుగు రోజులు తిరక్కుండా మళ్లీ అదే జరిగేది. దాంతో ఈసారి పూజ చాల్లేదనుకుని ఇంకా పెద్ద పూజ చేయించేవారు.

అక్కయ్య వంగి, ముందు ఎడమ చక్రం లోపలికి వేలు పెట్టి తీసి వాసన చూసింది. నర్సు కదా, రోగిని ముట్టుకోకుండా రోగం చెప్పే అలవాటు లేదు. అక్కడే ఆ రైతుతో అన్నదట, "కుడి చక్రానికి బ్రేకు పడుతోంది, ఎడమ చక్రం నూనెలో జారుతోంది. బ్రేకు పడిన వైపుకే కదండీ బండి లాగేది. దీనికి దయ్యం ఎందుకండీ?"

విషయం అంతే. ముందు ఇరుసులో నూనె ఉంటుంది. అది చక్రంలోకి కారకుండా ఒక రబ్బరు సీలు ఉంటుంది. ఆ సీలు చిరిగింది. కారిన నూనె ఎడమ చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు లైనర్‌ను తడిపేది. కట్ట దిగేచోట ఎవరైనా బ్రేకు గట్టిగా తొక్కాల్సిందే, తొక్కితే బండి కుడికి పోవాల్సిందే. ఇక పూజ రహస్యం వినండి. పూజకు ముందు బండిని కడిగించి, ఏ లోటూ ఉండకూడదని ఇరుసు నిండా నూనె పోయించేవారు. నిండుగా పోస్తే నిండుగా కారేది. అంటే పూజ ఎంత ఘనంగా జరిగితే ప్రమాదం అంత తొందరగా వచ్చేది. నలభై ఏళ్లుగా నేను ఊరూరా తిరిగి చెప్పిన ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ చిరిగిన సీలు పాటి చేయవు.

ఆ జీపు ఆమే కొన్నది. తెనాలి ఇంట్లో మందారం చెట్టు పక్కన పెట్టి, సెలవు రోజుల్లో తనే బాగు చేసుకుంది. ఆమె జీపు కింద, బావగారు స్టూలు మీద. ఆయన కచేరీలో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి, గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. జీపుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం పైకి చదవడం ఆయన పని. "మొదట నాలుగు బోల్టులు వదులు చేయవలెను" అని ఆయన తెలుగు చేసి చదివితే, కిందినుంచి ఆమె, "అవి ఎప్పుడో తీసేశానండీ, పేజీ తిప్పండి" అనేది.

వరద రోజుల్లో ఆ బండి లంకల్లోకి పోవాలి. నీళ్లు ఇంజన్లోకి పీల్చకుండా గాలి పైనుంచి తీసుకునేలా గొట్టం పెట్టాలని ఆమె ఆలోచన. ఒక రోజు బావగారు స్నానానికి వెళ్తే, బాత్‌రూమ్ నీళ్లు వరండాలోకి వచ్చాయట. ఏమైందని చూస్తే, బయటి గొట్టం లేదు. అది జీపు అద్దం పక్కన నిటారుగా నిలబడి ఉంది. "మీరు రెండు రోజులు బావి దగ్గర పోసుకోండి, అవతల రోగులు నీళ్లలో ఉన్నారు" అందట. ఆ గొట్టంతోనే తలుపుల సగం దాకా వచ్చిన నీళ్లలో ఇన్సులిన్ పట్టుకెళ్లి ఇచ్చి వచ్చింది. వెనక బెంచీలు పీకేసి, ఈపురుపాలెం నుంచి నవారు తెప్పించి, ఇనుప చట్రానికి మంచంలా అల్లించింది. ఆ నవారు మంచం మీద రేపల్లె ఆస్పత్రికి చేరిన నిండు చూలాళ్లను ఆమె లెక్క పెట్టలేదు. నేనూ లెక్క కట్టి చెప్పను.

ఒకసారి బాపట్లలో మా హేతువాదుల సభకు జీపుతో సహా రమ్మన్నాను. మూఢనమ్మకానికి సాక్ష్యంగా బండిని నిలబెట్టి మాట్లాడించాలని. ఆమె మైకు ముందుకొచ్చి, కళ్లు మూసుకుని ప్రార్థనతో మొదలుపెట్టింది. మా వాళ్ల ముఖాలు చూడాలి. తర్వాత నన్ను పిలిచి, "మా తమ్ముడు ఇప్పుడు బ్రేకు లైనర్ ఏదో చూపిస్తాడు" అంది. నేను ధీమాగా ఇంకేదో చూపించాను. సభ అంతా నవ్వింది. "దయ్యం లేదని చెప్పడానికి నోరు చాలు తమ్ముడూ, ఉన్నదేంటో చెప్పడానికి చెయ్యి మసి కావాలి" అంది, మైకులోనే. ఆ మాట నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. అలా పొడవడం నాకు మంచిది.

పోయిన రోజు ఉదయం చక్రాలకు గ్రీజు పెడుతూ, అలసటగా ఉందని చక్రానికి ఆనుకుని కూర్చుందట. బావగారు కాఫీ తెచ్చేసరికి ప్రాణం లేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పారు. జీపుకే ప్రాణాలు తీసే శక్తి ఉంటే, చలికాలం పొద్దున్నే నలుగురం తొయ్యకుండా స్టార్టయ్యే శక్తి ముందు సంపాదించుకునేది.

కానీ కథకు కాళ్లు ఎక్కువ. నేను పిలుపుకే తమ్ముణ్ణి; చేబ్రోలులో ఉండే ఆమె సొంత తమ్ముడు దేవదానమే దాన్ని నమ్మాడు. ఇంట్లో ఓదార్పు ప్రార్థనలకు పెట్టిన ఆదరణ కూడిక ముగిసి, పాస్టరుగారు వెళ్లాక, బావగారి పక్కన కూర్చుని, పాత ఇనుము కొనే వాడితో మాట్లాడేశాననీ, రేపు వచ్చి ముక్కలు చేసి పట్టుకెళ్తాడనీ చెప్పాడు. చుట్టాలంతా తలలూపారు. నేను లేచి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు. బావగారు తలవంచుకుని ఉన్నారు. ఒప్పుకుంటారనే అనుకున్నాను. ఆమె అంత పనీ దయ్యం ఖాతాలోకి పోతుందని నాకు భయం వేసింది.

బావగారు లేచి పెరట్లోకి నడిచారు. జాకీ తెచ్చారు. తెల్ల చొక్కా చేతులు మడిచి, ముందు ఎడమ చక్రం విప్పారు, లైనర్ మీది డ్రమ్ము లాగారు, మేమంతా చూస్తుండగానే లైనర్ కూడా ఊడబెరికారు. ఆ ఊపులో ఒక స్ప్రింగు ఎగిరి మందారం చెట్టులో పడింది. లైనర్‌ను దేవదానం చేతిలో పెట్టారు.

"తడి ఉందేమో చూడు."

దేవదానం వేలితో రుద్దాడు. పొడి దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.

"లేదు బావా."

"ఇరవై ఏళ్లు ఆ సీలు మీ అక్క కారనివ్వలేదు. ఈ బండి మీద నింద వేస్తే ఆమె చేతి మీద వేసినట్టే. ఇనుము వాణ్ణి రావద్దని చెప్పు."

దేవదానం ఫోను తీసి ఆ మాటే చెప్పాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. బావగారు మాత్రం కదలకుండా ఆ చక్రం వంక చూస్తూ నిలబడ్డారు. ఏంటి బావా అని దేవదానం అడిగాడు.

"విప్పడం వరకే నాకు వచ్చు. బిగించేది మీ అక్క."

దేవదానం ఇస్త్రీ బట్టలతోనే మందారం కింద దూరి స్ప్రింగు వెతికాడు. బావగారు స్టూలు మీద కూర్చుని పుస్తకం తెరిచి చదవసాగారు. మేమిద్దరం చక్రానికి చెరోపక్కన చతికిలబడ్డాం. లైనర్‌ను రెండుసార్లు తలకిందులుగా పెట్టాం. మూడోసారికి డ్రమ్ము కూర్చుంది.

ఆమె పది నిమిషాల్లో ముగించే పనికి ముగ్గురు మగవాళ్లకు పొద్దు వాలేదాకా పట్టింది. దయామణి అక్కయ్య లేని లోటు ఎంతో ఇంతకంటే కచ్చితంగా కొలిచే పద్ధతి నాకు తెలియదు.