వకీలుగారు అడగని రెండో ప్రశ్న

పక్కింటి పసిబిడ్డకు ఈడ్పులు వచ్చాయని ఈ ఉదయం పసుపుకొమ్ము కాల్చి పొట్టమీద వాత పెట్టారు. ఆ కమురు వాసన గోడ దాటి రాగానే ఆత్మకూరు కోర్టు, వకీలు రామానుజయ్యగారు గుర్తుకొచ్చారు. చేస్తున్న పని వదిలేసి కూర్చుండిపోయాను.

ధాత కరువులో, నాకు ఐదేళ్లప్పుడు, మా అమ్మ నన్ను ఉదయగిరిలో పిల్లలు లేని ఒక దంపతుల ఇంట్లో వదిలి, కాలువ తవ్వే కూలికి సముద్రం వైపు వెళ్లిపోయింది. వానలు పడ్డాక తిరిగొచ్చి బిడ్డను ఇమ్మంటే, "నీ బిడ్డ ఎప్పుడో చచ్చిపోయింది, ఇది మా చుట్టాల పిల్ల" అన్నారు వాళ్లు. అమ్మ తరఫున దావా వేసింది రామానుజయ్యగారే. సన్నగా, పొడుగ్గా ఉండేవారు, ఎప్పుడూ దగ్గుతుండేవారు. పిల్లలతో మాట్లాడాలంటే ముందు తలపాగా తీసి నేలమీద కూర్చునేవారు. విచారణ రోజు కోర్టు వసారాలో నా ముందు కూడా అలాగే కూర్చున్నారు.

"ఆ చెంగు కొరుకుతా ఉండే ఆమె ఎవురమ్మా?"

"మాయమ్మ."

"ఆమెతో పోతావా?"

"పోతే మళ్లా అన్నం ఉండదు గదా, తాతా."

ఆయన నా తల నిమిరి లేచారు.

లోపల అమ్మ, తన బిడ్డకు బొడ్డు కింద వాత ఉందని చెప్పింది. ఎదుటి వకీలు నవ్వాడు. "విప్పి చూపించండి. ఈ సీమలో వాత లేని పిల్ల ఎవరో నేనూ చూస్తా!" రామానుజయ్యగారు నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డారు. "ఇంతమంది మగోళ్ల ముందు బిడ్డ బట్ట ముట్టుకుంటే ఊరుకునేది లేదు!" అంత మెత్తని మనిషికి అంత కోపం ఎక్కడినుంచి వచ్చిందో! సరే, పిల్లనే అడగమన్నారు జడ్జిగారు.

"ఈమె ఎవురమ్మా?" అన్నారు రామానుజయ్యగారు.

"తెలీదు" అన్నాను.

పాపిష్టిదాన్ని, అమ్మ ముఖమైనా చూడకుండా అన్నాను. అది అబద్ధమని ఆయనకు తెలుసు. వసారాలో అడిగినట్టు ఇంకొక్కటి అడిగితే ఏడ్చి నిజం చెప్పేసేదాన్ని. ఆయన, ఒంటిమీది బట్టను రెండు చేతులా బిగించి పట్టుకున్న నన్ను చూసి కూర్చుండిపోయారు. దావా పోయింది.

"ఏంది సామీ, ఇంకొక్క మాట అడగలేదే?" అంది అమ్మ బయట. ఆయన తల వంచుకున్నారు.

తర్వాత ఏటా ఉదయగిరి వచ్చి నన్ను చూసి వెళ్లేవారు. పెంచినవాళ్లను బతిమాలి నాకు చదువు చెప్పించారు. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి, "జాలిపడి తప్పు చేసినాను తల్లీ. రా, మీయమ్మ దగ్గరికి పోదాం" అని బండి కట్టించి సీతారామపురం తీసుకెళ్లారు. అప్పటికి అమ్మ పోయి ఏడాది.

అమ్మ ఇంటి పక్కనుండే అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "కోర్టు నించి వచ్చినాక మీయమ్మ నిన్ను ఒక్క మాటన్లేదు బిడ్డా. 'నా బిడ్డ ఒళ్లు చేసినాది, బుగ్గలొచ్చినాయి' అని ఊరంతా చెప్పుకోని తిరిగినాది."

వకీలుగారు అక్కడే అరుగుమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఆయనా పోయి చాలాకాలమైంది. ఆయన చెప్పించిన చదువుతోనే ఇది రాస్తున్నాను. ఇప్పుడు నన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరు. అయినా చెబుతున్నాను, ఆమె మా అమ్మ.