బేరిపండు ముదీర్

పెయింటర్ అన్న పోయాడని మొన్న జగిత్యాల నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయాడట. ఫోను పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు, ముందు సిగ్గేసింది. గల్ఫ్ బతుకులో నాకు నవ్వడం నేర్పింది ఆయనే, సిగ్గుపడటం నేర్పిందీ ఆయనే. ఎలాగో చెబుతాను.

ఎనభైల మొదట్లో అబుదాబి దగ్గర ఒక కంపెనీ క్యాంపులో మేమంతా ఒకే రూములో ఉండేవాళ్లం. అన్న కంపెనీకి బోర్డులు రాసేవాడు. బ్రష్షులు కడిగితే గాని అన్నం ముట్టేవాడు కాదు. టీ మాత్రం సగమే తాగి మిగతాది పక్కవాడి వైపు జరిపేవాడు. ఆయన పెట్టెలో ఒక పాత బొమ్మల పుస్తకం ఉండేది, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నది. నిండా పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ పత్రికల్లో వచ్చిన రాజకీయ వ్యంగ్యచిత్రాలు. శుక్రవారం సెలవు పూట అది తీసి మాకు కథలు చెప్పేవాడు.

"ఈడు ఫ్రాన్సు రాజు. మొదటి బొమ్మల మొకమే ఉన్నది. రెండోదాంట్ల బుగ్గలు జారినయ్. నాలుగోదానికొచ్చేసరికి ఖలాస్, బేరిపండు!"

గీసినవాణ్ణి కోర్టుకీడిస్తే, మరి బేరిపండ్లన్నిటినీ జైల్లో పెడతారా అని అడిగాడట. ఆ మాట చెప్పినప్పుడల్లా అన్న తానే కోర్టులో నిలబడ్డట్టు ఛాతీ విరిచేవాడు. "పెద్దోని మీద నవ్వితె సగం భయం పోతది రా" అనేవాడు.

మా పెద్దోడు ముదీర్, అంటే మేనేజరు. ఈజిప్టు మనిషి, దవడలు బరువుగా వేలాడేవి. సెలవు కాగితం మీద సంతకం అడిగితే ఎప్పుడూ "బుక్రా, బుక్రా" అనేవాడు. ఆ రేపు రాక, తండ్రి పోయినా మా రూములోని మేస్త్రీ ఊరికి వెళ్లలేకపోయాడు. ఆ కోపంలో అన్న ప్లైవుడ్ ముక్క మీద ముదీర్‌ని బేరిపండు చేసి మెస్సు గోడకు బిగించాడు. "బుగ్గలు ఇంకింత జారనియ్యి అన్నా" అని ఎగదోసింది నేనే.

ఒకరోజు ముదీర్ మెస్సులోకి రానే వచ్చాడు. మా చేతులు పళ్లేల్లోనే ఆగిపోయాయి. ఆయన బొమ్మను అటూ ఇటూ తల తిప్పి చూసి, "మియా మియా!" అన్నాడు, నూటికి నూరు అని. తన ఆఫీసు గోడకు పెట్టమన్నాడు. ఇక చూడండి మా సంబరం! సంతకానికి వెళ్లినవాడల్లా నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తేవాడు. అన్న ఒక్కడే కొన్నాళ్లకు నవ్వడం మానేశాడు. "తెల్వనోని మీద నవ్వుడు పాపం రా. ఎట్లనన్న దాన్ని దించాలె" అని నలిగిపోయాడు. చక్కటి బొమ్మ ఇంకొకటి గీసి తీసుకెళ్లినా ముదీర్ మార్చనివ్వలేదు.

ఏడాది తిరక్కుండానే కంపెనీ యజమాని అయిన కఫీల్ ఆ ముదీర్‌నే పంపించేశాడు. వెళ్లే రోజు ఆయన అన్నను పిలిచి, బొమ్మ దించి ఇవ్వు, వెంట తీసుకెళతాను అన్నాడు. మేం తలుపు దగ్గర మూగాం. అన్న ఇక ఆగలేక, మిమ్మల్ని వెక్కిరించడానికే గీశాను, మాఫ్ చేయండి సాబ్ అని హిందీలో చెప్పేశాడు.

"మాలూమ్" అన్నాడు ముదీర్. తర్వాత వచ్చీరాని హిందీలో చెప్పింది ఇదీ: "మొదటి రోజే తెలుసు. సెలవు నా చేతిలో లేదు, కఫీల్ చేతిలో ఉంది. అది ఇవ్వలేకపోయాను, కనీసం నవ్వుకోనీ అనుకున్నాను."

అన్న స్టూలెక్కాడు. స్క్రూడ్రైవర్ మాటిమాటికీ జారిపోతోంది, స్టూలు ఊగుతోంది. అంతమందిమి ఉండి సిగ్గుతో ఒక్కడికీ కాలు కదల్లేదు. ముదీరే వంగి, అన్న పడిపోకుండా ఆ స్టూలు కాళ్లు రెండు చేతులా పట్టుకున్నాడు.