సింహాచలం పేరు మీద ఎల్‌సీ

నాకు రిటైర్మెంటుకు మూడేళ్ళుందనగా, ఒక చలికాలం మొదట్లో, విశాఖలో సముద్రపు ఒడ్డునున్న సబ్‌స్టేషన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ముప్పై మూడు కేవీ మీద వచ్చిన కరెంటును పదకొండుకు దించి, ఫీడర్లనే లైన్ల ద్వారా పేటలకు పంపడం అక్కడి పని. పేటలోని ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మళ్ళీ దించితే ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది. ఆ ఫీడర్లన్నిటిలో జాలరిపేటది నాకు ముద్దుబిడ్డ, ఏడిపించడంలోనూ ముందుండేది. ఉప్పుగాలికి స్తంభాల మీది పింగాణీ ఇన్సులేటర్లు తెల్లగా పూత పట్టేవి. దానికి మంచు తడి తగిలిందా, లైను ట్రిప్పయి సప్లై పోయేది. అందుకని సప్లై ఆపి, మనుషుల్ని స్తంభాలెక్కించి తుడిపించేవాళ్ళం.

అలా ఆపి లైను అప్పగించడాన్ని లైన్ క్లియర్ అంటారు. మా నోళ్ళలో అది ఎల్‌సీ. ఎవరి పేరున తీసుకుంటే వాళ్ళే, మనుషులందరూ దిగారనీ, లైనును నేలకు కలిపే ఎర్త్ రాడ్లు తీసేశామనీ చెప్పి తిరిగివ్వాలి. అంతవరకూ లైనులోకి కరెంటు వదిలే బ్రేకర్ వేయకూడదు. వేస్తే, పైన ఎవరైనా ఉంటే, కిందికి శవమే దిగుతుంది.

ఆ రోజు ఎల్‌సీ లైన్‌మన్ సింహాచలం పేరున ఉంది. మధ్యాహ్నానికల్లా ఇచ్చేస్తానన్నాడు. మధ్యాహ్నం దాటింది, మనిషి జాడ లేదు, ఫోన్ స్విచాఫ్. తుడిచే కూలీలను పంపిన కాంట్రాక్టరు దగ్గరి సూపర్‌వైజర్ మాత్రం ఫోన్ చేసి, పని ఎప్పుడో అయిపోయిందనీ, అందరూ దిగిపోయారనీ, ఫీడర్ వేసేయమనీ అన్నాడు. ఆ తర్వాత మా పై అధికారి డీఈ గారు చేశారు. ఆయన వేయమనలేదు, వద్దనీ అనలేదు, "ఇంకా ఎందుకు ఆగింది?" అన్నారు. పై అధికారుల భాషలో దానికి అర్థమేమిటో మా డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు.

ఈలోగా చేపలమ్మే ఆడవాళ్ళు గేటు దగ్గరికి వచ్చారు. ఐస్ ఫ్యాక్టరీ పొద్దున్నించీ ఆగిపోయింది. ముందు నిలబడ్డది నూకాలమ్మ, నోటికి పేరుపడ్డ మనిషి.

"ఏటి బాబూ, కరెంటెప్పుడిత్తారు? అయిసు కరిగిపోతంది. ఈ సేపలు రేపెవుడు కొంతాడు?"

ఆమె బుట్టలోకి చూశాను. పడవ తెచ్చిన వేటంతా అందులోనే ఉంది. అయినా ఉన్నమాటే చెప్పాను, సింహాచలం తన నోటితో చెప్పేదాకా వేయలేనని. అందరూ దిగిపోయారని ఇందాకే ఫోనొచ్చిందని కూడా దాచకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె బుట్ట కింద పెట్టింది.

"మావోడు ఏటకెల్తే, తోటి పడవోల్లు ఎనకాలే ఒత్తన్నాడంతారు. ఆడు ఒడ్డు మీద కాలెట్టేదాకా నాను గంజి ముట్టను." వెనకవాళ్ళ వైపు తిరిగి, "కూకోండే, ఆడొచ్చేదాకా" అంది.

అందరూ మెట్ల మీద కూర్చున్నారు. నేనూ లోపలికి పోలేక, వాళ్ళ పక్కనే నిలబడ్డాను. ఉద్యోగంలో అంత బరువైన మధ్యాహ్నం నాకు మరొకటి లేదు.

చివరికి సింహాచలం ఎర్త్ రాడ్లు భుజాన వేసుకుని నడుచుకుంటూ వచ్చాడు. "ఫోను సచ్చిపోనాది సార్, బండి పంచరైపోనాది. ఎల్‌సీ రిటర్న్. మనుసులు దిగిపోనారు, రాడ్లు తీసేసినాం." బ్రేకర్ వేశాం. ఫీడర్ ట్రిప్పవకుండా నిలబడింది.

"సచ్చినోడా, నీ వల్ల నా సేపలన్నీ ఉప్పులో ఎయ్యాలి" అని తిట్టి, నూకాలమ్మ మా కుండలో నీళ్ళు ముంచి వాడికే ఇచ్చింది. ఆ వారం పేటలో తాళ్ళ మీద ఎండుచేపలు ఎక్కువే కనిపించాయి. వాటిని చూస్తూ పోవడం నాకు కష్టంగానే ఉండేది.

తర్వాత ఆ సూపర్‌వైజర్ కనిపించి, తను చెప్పిందే నిజమైంది కదా అని నవ్వాడు. నిజమే. ఫోన్ రాగానే ఫీడర్ వేసి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు, నూకాలమ్మ వేట దక్కేది. కానీ అది నిజమని నాకు తెలిసింది సింహాచలం గేటు దాటి వచ్చాకే.