బుర్గి వాకిట్లో ఇంజను చప్పుడు

ఒట్మార్‌కి మాటలు తక్కువ. ఉన్న నాలుగూ ట్రాక్టరుతోనే మాట్లాడేస్తాడని అక్క హెడ్విగ్ దెప్పుతూ ఉంటుంది. అది మామూలు ట్రాక్టరు కాదు. పొట్టిగా, వెడల్పుగా నేలను కరుచుకుని ఉంటుంది. ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో మేకలు కూడా ఆలోచించుకుని అడుగేసే ఏటవాలు నేలల మీద గడ్డి కోస్తుంది. చలికాలం వస్తే చక్రాలకు గొలుసులు చుట్టి, ముందు వైపు మంచు విసిరే యంత్రం తగిలిస్తాడు.

మంచు తీసే పంచాయతీ బండి కింద శిలువ ఉన్న మలుపు దాకానే వస్తుంది. ఆ పైన ఉన్నవి రెండే ఇళ్ళు. ఒకటి ఒట్మార్‌ది, ఇంకా పైనున్నది బుర్గిది. గడ్డి కోస్తూ ట్రాక్టరు దొర్లి ఆమె భర్త పోయినప్పటి నుంచీ ఆ ఇంటి దారిలో మంచు తీసేది ఒట్మారే. తియ్యమన్నవాళ్ళు లేరు, మానమన్నవాళ్ళూ లేరు.

దారి తీసిన మనిషి చేతిలో డబ్బు పెట్టడం అక్కడ అవమానం. చిన్న గ్లాసుతో సారా ఇస్తారు. ఇంజను నడుస్తుంటే గ్లాసు బయటికే వస్తుంది, సీటు మీదే తాగి వెళ్ళిపోవాలి. ఇంజను ఆపితే మాత్రం లోపలికొచ్చి భోజనానికి కూర్చుంటానని అర్థం. ఆపిన సంగతి ఆ ఇంటికే కాదు, లోయంతటికీ తెలుస్తుంది. మంచు రోజుల్లో చెవులకు వేరే పనేముంది? ఎవరి ఇంజను ఎక్కడ ఆగింది, మళ్ళీ ఎప్పుడు మోగింది అన్నది సాయంత్రానికల్లా అందరి నోళ్ళలోనూ ఉంటుంది. ఒంటరి ఆడమనిషి వాకిట్లో ఆగితే ఇంకేం కావాలి?

బుర్గిని ఆ నోళ్ళలో వెయ్యకూడదని ఒట్మార్ అనుకున్నాడు. అలా అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాడు, వెర్రిబాగులవాడు. గ్లాసు అందుకుంటూ ఆమె వేళ్ళు చూసేవాడు. తలుపు సందులోంచి వేయించిన ఉల్లిపాయల వాసన వచ్చేది. ఒక్క పూట ఆ వంటింట్లో పొయ్యి పక్కన కూర్చోవాలని ప్రాణం కొట్టుకునేది. తాగేసి, గ్లాసు తిరిగిచ్చి, బండి వెనక్కి తిప్పేవాడు.

ఈ ఏడు బుర్గి ఆవుల్ని అమ్మేసింది. ఆమె మోకాళ్ళు ఇక ఏటవాలు నేలకు పనికిరావు. పూర్వం పాలేళ్ళు మూట కట్టుకుని యజమానిని మార్చేది ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండుగనాడు. తనూ ఆ రోజే పట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతానంది. సరిగ్గా ఆ పండుగ ముందు రాత్రి నడుములోతు మంచు పడింది.

పొద్దున్నే ఒట్మార్ కాఫీ ముందు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. దారి తియ్యకపోతే కూతురి కారు పైకి రాదు. కారు రాకపోతే బుర్గి వెళ్ళదు. అతని మనసులో ఉన్నది హెడ్విగ్ ఇట్టే పట్టేసింది.

"ఎన్నాళ్ళు తియ్యకుండా ఉంటావురా? పోయి తియ్యి. తీశాక ఆ ఇంజను ఆపి చావు. వినేవాళ్ళని విననీ," అంది.

ఒట్మార్ వెళ్ళాడు. ఆమె వెళ్ళిపోయే దారి కదా అని ఎక్కడా పైపైన తియ్యలేదు. ఎప్పటిలాగే అంచులు గోడ కట్టినట్టు తీశాడు. వాకిట్లోకి వచ్చి, సీటు మీద కాసేపు కూర్చుని, ఇంజను ఆపేశాడు.

బుర్గి కోటు తొడుక్కుంటూ గాభరాగా బయటికొచ్చింది.

"పాడైందా?"

"లేదు. నేనే ఆపాను."

ఆమె కోటు గుండీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మంచు పడ్డ ప్రతి పొద్దూ నీక్కూడా పళ్ళెం పెట్టేదాన్ని," అంది. "ఇవాళ పొయ్యి కూడా వెలిగించలేదు, ఒట్మార్. సామానంతా కట్టేశాను."

అయినా లోపలికి రమ్మంది. కుర్చీలు ముందే కిందికి పంపేసింది. ఇద్దరూ చెరో పెట్టె మీద కూర్చున్నారు. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. తనకోసం ఏమేం వండేదో ఒట్మార్ అడిగాడు, ఆమె ఒక్కొక్కటే చెప్పింది. ఉల్లిపాయలు వేసిన జున్ను కుడుములు, పంది మాంసంతో బంగాళాదుంప వేపుడు. వింటూ ఉంటే అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి. వెళ్ళొద్దని చెప్పడానికి మాట కూడదీసుకుంటున్నాడు.

బయట హారన్ మోగింది. కూతురి కారు అతను తీసిన దారమ్మటే సాఫీగా పైకొచ్చేసింది. కానీ ట్రాక్టరు అడ్డంగా ఉంది, అది తీస్తే తప్ప కారు వాకిట్లోకి రాదు.

ఒట్మార్ లేచాడు. సీటెక్కి తాళం తిప్పాడు. అంత చలిలో మొరాయించాల్సిన పాడు బండి, ఒక్క తిప్పుకే అందుకుంది.