బియ్యంలో దాచిన వీసా

మొన్న ఉదయం అమెరికాలో, పార్సిప్పనీలోని మా ఇంట్లో మా టోస్టర్ తీగ కాలింది. ఆ కమురు వాసనకు స్మోక్ అలారం కంటే ముందు నాకు శకుంతల ఆంటీ గుర్తొచ్చారు. పెళ్ళైన కొత్తలో మేమున్న అపార్ట్‌మెంట్‌లో ఆవిడ మా పక్క ఫ్లాటు. గుంటూరులో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి వచ్చిన మనిషి. ఎత్తు ఐదడుగులు ఉండరు గానీ, ఆవిడ లిఫ్ట్ ఎక్కితే అందులోని ఆరడుగుల అమెరికన్లు హోమ్‌వర్క్ చేయనివాళ్ళలా గోడకు ఒదిగిపోయేవారు.

ఆ ఏడాది క్రిస్మస్ సెలవులకు నేను, మా ఆవిడ లలిత, ఆంటీ కలిసి పారిస్ వెళ్ళాం. అక్కడి జేబుదొంగల గురించి మా ఆఫీస్‌లో ప్రతివాడూ హెచ్చరించాడు. వాళ్ళ లెక్కన ఆ ఊళ్ళో సగంమంది దొంగలు, మిగతా సగం వాళ్ళకు ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు. నా అమెరికా వీసా ఏమో పాత పాస్‌పోర్టులో ఉంది. అది పోతే తిరుగు విమానం ఎక్కనివ్వరు. ఎక్కకపోతే నా ఉద్యోగం, అపార్ట్‌మెంటు, ఫ్రిజ్‌లోని గోంగూర పచ్చడి అట్లాంటిక్ అవతలే ఉండిపోతాయి. అందుకని దాన్ని కవర్లో చుట్టి, వెంట తెచ్చుకున్న బియ్యం సంచీ అడుగున పాతిపెట్టాను. ఇంత గొప్ప ఆలోచన బయటికి పొక్కకూడదని లలితకు కూడా చెప్పలేదు.

మొదటి సాయంత్రమే హోటల్ గదిలో రైస్ కుక్కర్‌కు అడాప్టర్ తగిలించి స్విచ్ వేశాను. అమెరికా కరెంటు తాగి పెరిగిన కుక్కర్ అది, యూరప్ కరెంటు దానికి రెట్టింపు. బియ్యం పడకముందే ఢామ్మని కమురు వాసన కొట్టింది. మా అంతస్తంతా చీకటి. పారిస్‌ను వెలుగుల నగరం అంటారు. ఆ బిరుదును పది నిమిషాలపాటు రద్దు చేసిన ఘనత నాది.

తర్వాత మూడు రోజులు బ్రెడ్డు తింటూ ఊరంతా చూశాం. చూశాం అంటే వాళ్ళిద్దరూ చూశారు. నేను కొత్త పాస్‌పోర్టున్న జేబు మీద చెయ్యి వేసుకుని, ఎదురొచ్చే ప్రతి ముసలమ్మనూ అనుమానంగా చూశాను. తిరుగు ప్రయాణం రేపనగా పెట్టెలు సర్దుతుంటే బియ్యం సంచీ లేదు. అడిగితే వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుక్కరే లేనప్పుడు బియ్యమెందుకని, రూములు శుభ్రం చేసే సెల్వి అనే జాఫ్నా తమిళావిడకు ఇచ్చేయడం జరిగిందట.

నేను విషయం చెప్పేసరికి లలిత మొహం పాలిపోయింది.

"ఎవరిచ్చారు?" అన్నాను.

"అది తెలిస్తే పాస్‌పోర్టు వస్తుందా నాయనా?" అన్నారు ఆంటీ.

"రాదు."

"అయితే దాన్ని తెచ్చే ప్రశ్న అడుగు. సెల్వి మళ్ళీ డ్యూటీకి ఎప్పుడొస్తుంది?"

రేపు పొద్దున ఆరింటికి అని రిసెప్షన్‌లో చెప్పారు. మా విమానం పదకొండింటికి. నేను మంచం మీద కూలబడ్డాను. ఇక్కడ కూర్చుని పొదిగితే పాస్‌పోర్టు పుట్టదని, ఆంటీ మమ్మల్ని సెన్ నది ఒడ్డుకు లాక్కెళ్ళారు. పోగొట్టుకోవడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి మొదటిసారి జేబు మీంచి చెయ్యి తీశాను. అప్పుడు కనబడింది ఊరు. నీళ్ళమీద వణికే దీపాలు, పెద్ద పెనం మీద ఏవో గింజలు వేయిస్తున్న మనిషి, అంతవరకూ మెడనొప్పి తప్ప మరేమీ ఇవ్వని ఆ ఇనుప గోపురం ఒళ్ళంతా మిణుకుమనడం. లలిత చలికి తన చేతిని నా కోటు జేబులో పెట్టింది.

ఉదయం ఆరు కాకముందే సెల్వి వచ్చింది. కవరును శుభ్రమైన తువ్వాలులో చుట్టి తెచ్చింది. అమెరికాలో బియ్యంలో వీసాలు కలిపి అమ్ముతారా అని సగం తమిళంలో, సగం ఇంగ్లీషులో అడిగింది. నేను వదిలిన ఊపిరికి లాబీలోని క్రిస్మస్ చెట్టు గంటలు మోగాయని లలిత ఇప్పటికీ అంటుంది.

కొన్నేళ్ళకు ఆంటీ ట్రాయ్ అనే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతుంటే, పెట్టెలు కార్‌లో పెడుతూ ఇప్పటికైనా చెప్పమన్నాను, ఆ రోజు బియ్యం ఇచ్చింది ఎవరని.

"ఏ బియ్యం?" అని సీట్ బెల్ట్ పెట్టుకున్నారు.

ఆవిడ కన్నుమూసి రెండేళ్ళైంది. లలితను నేను అడగలేదు.

పోయిన శనివారం మనవాళ్ళ దుకాణాలుండే ఐసెలిన్‌లో మా అమ్మాయి కార్ తాళాలు పోగొట్టింది. ఎముకలు కొరికే చలి. 'ఎవరు పోగొట్టమన్నారు' అనే మాట నా పళ్ళదాకా వచ్చింది. మింగేశాను. చివరిసారి ఎక్కడ చూశావని అడిగాను.

"డాడీ, నువ్వు తిట్టవా?" అంది, నమ్మలేనట్టు.

"తిట్లెక్కడికీ పోవు తల్లీ. పోయింది తాళాలే. పద."