స్లాట్‌లో ఉండిపోయిన డిజైన్లు

నిరుడు ఏలూరులో ఉద్యోగం రాగానే, తాడేపల్లిగూడెంలో మిషన్ ఎంబ్రాయిడరీ చేసే మా అక్కకు పలుచటి కొత్త లాప్‌టాప్ కొన్నాను. పాతదాని హార్డ్‌డిస్క్ కాపీ చేసి, ఛార్జర్, మౌస్, బ్యాగు ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుని, పాత లాప్‌టాప్‌ని పాత సామాన్ల కొట్లో ఇచ్చేశాను.

మర్నాడు అక్క కొత్తదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“మెమరీ కార్డు పెట్టే స్లాట్ ఏదిరా?”

“ఇప్పుడవి ఎవరు వాడుతున్నారక్కా?”

“నేను వాడుతున్నాగా! పాతదాంట్లోంచి నా కార్డు తీశావా?”

తియ్యలేదు. స్లాట్ లోపలికంటా ఉన్న కార్డు నాకు కనబడనేలేదు. ఎంబ్రాయిడరీ మిషన్‌లో పెట్టేది ఆ కార్డే కాబట్టి, ఎనిమిదేళ్ళుగా తను గీసిన డిజైన్లన్నీ అక్క నేరుగా దాంట్లోనే దాచుకుంది.

కొట్టుకు పరిగెత్తాను.

“నిన్ననే విడగొట్టేసి, ముక్కలన్నీ పంపించేశామండీ,” అన్నాడు కొట్టతను.

“పోనీలేరా, అన్నం తిను,” అంది అక్క.

అప్పటినుంచి అక్క బయట కొన్న డిజైన్లే కుడుతోంది. మళ్ళీ గీయమని అడిగే ధైర్యం నాకింకా రాలేదు.